మనిషి లేని టికెట్టు

సర్కారు పేరు పెట్టుకోని
జాలిమానుపల్లికి వచ్చినవి రెండే.
ఒకటి సర్కారు కంప.
రెండోది నేను కండక్టరు పని చేసే పల్లెవెలుగు.

(జాలి అంటే ఇక్కడ దయ కాదు. ముల్లు.)

కంపకు ఎవరూ నీళ్లు పోయలేదు,
ఏ బడ్జెట్లోనూ దాని పేరు చదవలేదు.
అయినా వంక దాటి, గుట్టెక్కి,
గోరీల మీద కూడా పెరిగింది.
బస్సు మాత్రం ఏటేటా బక్కచిక్కింది.
మొదట నాలుగు ట్రిప్పులు, తర్వాత రెండు,
ఇప్పుడు కళ్యాణదుర్గంలో రాత్రి ఏడుంబావుకు కదిలే
ఒక్క నైటాల్టు.

నైటాల్టంటే మీకు తెలుసో లేదో,
బస్సు ఊర్లోనే పండుకుంటుంది.
డ్రైవరు ఖాజాపీరు టాపు మీద, నేను వెనక సీట్లో.
వంతు ఎవరిదైతే వాళ్లింట్లోంచి
రాగిసంగటో, కొర్రన్నమో, చెనిక్కాయల ఊరిమిండో వస్తుంది.
తెల్లారి ఐదుకు హారను కొడితే
పట్టుగూళ్ల మూటలు ముందెక్కుతాయి,
వాటెనక కాలేజీ సంచులు,
అందరికంటే ఆఖర్న,
వారానికి రెండుసార్లు రక్తం కడిగించుకోను పోయే సుంకన్న.
ఆయన రెండో మెట్టు ఎక్కేదాకా
ఖాజాపీరు గేరు ముట్టుకోడు.

డిపోలో ఈ కథంతా ఒక్క గడిలో పడుతుంది.
కిలోమీటరుకు ఖర్చు యాభై ఎనిమిది.
కిలోమీటరుకు రాబడి పంతొమ్మిది.
తేడా ఎవరు పూడ్చాలని మేనేజరు పైకి రాస్తాడు,
పైవాళ్లు ఇంకా పైకి రాస్తారు.
పైనుంచి వానే సరిగా రాని జిల్లా ఇది,
డబ్బు వస్తుందా.

పోయిన నెల కాగితం వచ్చింది:
మూడు వారాలు చూస్తాం, రాబడి పెరక్కపోతే రద్దు.
నేను ఎవరికీ చెప్పలేదు.
ఖాజాపీరు చెప్పినాడు,
సంగటి ముద్ద చేతిలో పట్టుకోని, తల వంచుకోని.

మర్నాడు తిప్పక్క బస్సెక్కి
"నాకు ఆ సున్నా టికెట్టు కొట్టప్పా,
మా ఇంటాయనకు ఒక ఫుల్లు కొట్టు" అనింది.
"ఆయప్ప పోయి ఆరేండ్లాయె గదక్కా?"
"ఈ బస్సులోనే గదా పెద్దాసుపత్రికి పోయినాడు.
తిరుగు టికెట్టు అట్లే నిలిచిపోయింది. కొట్టు."

కొట్టినా.
మిషను నాలుక చాపినట్టు కాగితం చాపింది.

ఆ తర్వాత ఆపడం నావల్ల కాలేదు.
బెంగుళూరులో సెంట్రింగు పనికి పోయిన తమ్మునికొకటి,
అలిగి పుట్టింట్లో కూర్చున్న కోడలి తరఫున
అల్లుడికొకటి.
పోయిన ఎండాకాలం ఎద్దులమ్ముకున్న మల్లేశప్ప
రెండెద్దులకూ లగేజీ కొట్టమన్నాడు.
"అవి సంతకు నడిచే పోయినాయి గదప్పా?"
"అందుకే. బస్సుకు బాకీ ఉండాయి."

కంబదూరు దాటినాక చెకింగు ఎక్కింది.
ఇనస్పెక్టరు తలలు లెక్కపెట్టినాడు, పదకొండు.
టికెట్లు లెక్కపెట్టినాడు, ముప్పై నాలుగు.
మళ్లీ తలలు.
వంగి సీట్ల కింద కూడా చూసినాడు.

"టికెట్టు లేని మనిషికి రాయడానికి నాకాడ ఫారముంది.
మనిషి లేని టికెట్టుకు ఏం రాయాలయ్యా?"

ఎవరూ పలకలేదు.
ఇంజను ఒకటే దగ్గుతా ఉంది.
ఆయన కూర్చుందామని చూసినాడు.
తిప్పక్క పక్కన సీటు ఖాళీ,
దాని మీద పాత తువ్వాల పరిచి ఉంది,
అంచు చిరిగిన మగవాళ్ల తువ్వాల.
ఈ దేశంలో తువ్వాల వేసిన సీటు ఎవరిదో
ఇనస్పెక్టరుకైనా తెలుసు.
డిపో దాకా నిలబడే వచ్చినాడు.
ఏమీ రాయలేదు.

ఇంకా తొమ్మిది రోజులుంది.
చెనిక్కాయలు అమ్మే కాలం కాదు,
కొంగుముళ్లు విప్పితే వచ్చే డబ్బులివి,
నోట్లు చెమటకు మెత్తబడి మిషను పక్కన అతుక్కుంటాయి.
నేను రోజూ డోము లైటు కింద లెక్క కడతా.
కిటికీ అవతల సర్కారు కంప
ఎవరినీ ఒక్క రూపాయి అడక్కుండా
పచ్చగా ఊగుతుంటుంది.

నిన్నటికి రాబడి ఇరవై నాలుగు.
యాభై ఎనిమిది చాలా దూరం.
అంతమంది చచ్చినోళ్లు కూడా లేరు
ఆ ఊర్లో.